కట్టు కట్టని మూడు నెలలు

జనవరి 9

నా పేరు హేమ్లి. ఆధార్ కార్డులో డెబ్బై ఒకటి అని ఉంది. గోదావరి భద్రాచలం బజార్లలోకి వచ్చిన ఏడాది పుట్టానని మా అమ్మ చెప్పేది, కాబట్టి కార్డు చెప్పింది నిజమే కావచ్చు. పినపాక పక్కన మా తండా. ఇంట్లో నా కొడుకు భీమ్లా, కోడలు మోతీ, నేను, ఒక బర్రె. నా పెనిమిటి లాలు పోయి తొమ్మిదేళ్లు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది ఖమరున్నీసా. పినపాక సెంటర్లో బట్టలు కుడుతుంది, నన్ను అక్కా అంటుంది. నా మాటలను పుస్తకం తెలుగులోకి దిద్ది రాస్తానంది. భాష దిద్దుకో, మాట మార్చకు అన్నాను. "మెల్లగ చెప్పక్కా, ఇది చెయ్యి, మిషిన్ గాదు" అంటోంది. అది కూడా రాయమన్నాను.

ఈ పుస్తకం ఎవరికీ చూపేది కాదు. ఇంట్లో ఒక మాట అంటే అది తండా అంతా తిరిగి, తోకా కొమ్ములూ మొలిపించుకుని నా దగ్గరికే వస్తుంది. దవాఖానా వాళ్లిచ్చిన పుస్తకం వేరే ఉంది. అందులో ముద్ర వేయడమే, మాట్లాడేందుకు చోటు లేదు.

నా కేసు ఇది. ఎడమకాలికి, చీలమండ పైన లోపలి వైపు, పదకొండేళ్లుగా పుండు. మానినట్టే ఉంటుంది, మిరప కోతలు మొదలుకాగానే విచ్చుకుంటుంది. చుట్టూ తోలు పాత పెనంలా నల్లబడింది. నీరు కారుతుంది, వాసన వస్తుంది. వాసన సంగతి నేనే చెబుతున్నాను, ఎందుకంటే మిగతావాళ్లు చెప్పరు, జరుగుతారు. బస్సులో నా పక్క సీటు ఖాళీ. చేలో అన్నాల వేళ ఆడవాళ్లు గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చుంటారు. అందుకే అందరికంటే ముందు నేనే వెళ్లి గాలివాలున కూర్చుంటాను. నన్ను జరగమనే అవకాశం ఇంతవరకు ఒక్కరికీ ఇవ్వలేదు.

ఆకుపసర్లు పోశాను, పసుపు పెట్టాను, సూదులు వేయించుకున్నాను. చివరికి మా తండా ఆశా కార్యకర్త ఉషారాణి ఫోటో తీసి ఖమ్మం పంపింది. అక్కడ డాక్టర్ జగదీష్ నన్ను నిలబెట్టి, కాలికి జిగురు రాసి, మిషన్‌తో చూశాడు. కాళ్లలో రక్తం పైకి ఎక్కాలట. ఎక్కింది తిరిగి జారకుండా నరం లోపల చిన్న చిన్న తలుపులుంటాయట. నా ఎడమకాలిలో అవి పాడైపోయాయి. పైకెక్కిన రక్తమంతా మళ్లీ చీలమండ దగ్గరికే దిగి నిలుస్తోంది.

భీమ్లా వెంటనే అందుకున్నాడు. "అంటే బావి మోటరుకు ఫుట్‌వాల్వు పోయినట్టు గదా సార్?"

"సరిగ్గా అంతే" అన్నాడు డాక్టరు.

కొత్త కవాటం ఒకటి వచ్చిందట. తొడ కోసి, నరంలో పెట్టి కుడతారు. ఇంకా పరీక్షలో ఉన్న వైద్యం, కొద్దిమందికే చేస్తారు. ఖర్చు వాళ్లదే. అయితే ముందు మూడు నెలలు వాళ్లిచ్చిన సాగే కట్టు కట్టాలి. కట్టినా మానని పుండు అయితేనే కవాటం. డిసెంబరు పదిన కట్టు చేతికిచ్చారు. నాకు కవాటం కావాలి. ఈ పుండు మూసుకున్నాక చావాలి, దానితో కాదు.

నాకు భయం లేదు. ఈ మాట రాయి, ఖమరూ.

జనవరి 13

కట్టు సంగతి చెప్పాలి.

మొదటి రోజు కట్టుకున్నాను. మధ్యాహ్నానికి కాలు మండింది. మిరప సాలులో వంగి లేస్తుంటే జారి చీలమండ దగ్గర ఉండ కట్టింది. విప్పి చెంగున ముడేశాను. సాయంత్రం పండుమిరప బస్తా కల్లానికి మోసే వేళ చుట్టకుదురు కనిపించలేదు. ఆ కట్టునే చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకున్నాను. ఏం చెప్పాలి! ఇన్నేళ్లలో ఏ పాత చీరపేలికా అలా అమరలేదు. బస్తా కదలదు, మెడ లాగదు. అప్పటి నుంచి అదే నా చుట్టకుదురు.

దవాఖానా పుస్తకంలో చదువు రానివాళ్ల కోసం బొమ్మ వేశారు. కాలు, దానికి కట్టు, పక్కన రోజుకొక గడి. కట్టుకుంటే గడిలో ముద్ర వేయాలి. బొమ్మలో కాలుంది, నెత్తి లేదు. అయినా రోజూ సాయంత్రం ముద్ర వేస్తున్నాను. ఈ పుండుకు నేను కట్టనిది ఏముంది? కట్టుతో మానదని నాకు తెలుసు. తెలిసినదాన్నే మూడు నెలలు కూర్చుని మళ్లీ తెలుసుకోవడం దేనికి?

ఖమరున్నీసా కలం ఆపింది.

"అక్కా, గిది తప్పు గదా."

"నిన్ను రాయమన్న. తీర్పు చెప్పమన్ననా?"

"రాస్తున్న, రాస్తున్న."

జనవరి 22

ముద్ర వేశాను.

ఫిబ్రవరి 2

కాలు బరువుగా ఉంది. బాగానే ఉంది.

ఫిబ్రవరి 11

ఉషారాణి కల్లం దగ్గరికే వచ్చేసింది. "అవ్వా, కట్టు ఏది?" అని అడిగింది. ఉతికి ఆరేశాను అన్నాను. అప్పుడది మోతీ నెత్తి మీద ఉంది, దాని మీద బస్తా ఉంది. మోతీ మా ఇద్దరి మధ్య నుంచే నడిచి వెళ్లింది. ముఖం కదల్చలేదు. కల్లం అవతలికి పోయి బస్తా దించి, అక్కడ కూలబడి నవ్వింది. దాని నవ్వు నాకు ఇవతలికి వినిపించింది.

ఉషారాణి మంచి పిల్ల. దానికి అబద్ధం చెప్పడం నాకు బాగా అనిపించలేదు. అయినా తేడా ఏమీ లేదు. కట్టుతో మానదు.

మార్చి 13

కబురు వచ్చింది. రేపు ఖమ్మం. మూడు నెలలు నిండాయి, కవాటం కాగితాల మీద ముద్ర వేయాలి. చదువు రాని మనిషికి బయటి సాక్షి ఒకరు ఉండాలట. ఇంటివాళ్లు కాకూడదు, దవాఖానా వాళ్లు కాకూడదు. ఖమరున్నీసా వస్తానంది. పెళ్లిళ్ల బ్లౌజులు పక్కన పెట్టి, కొట్టు మూసి మరీ వస్తోంది. ఇంకేం కావాలి? అనుకున్నది అవుతోంది.

నాకు భయం లేదు.

(ఒక పేజీ నిండా వేలిముద్రలు)

మార్చి 27

పైన ఉన్న ముద్రలు నావే. ఇన్ని రోజులు రాసే మనిషి లేదు. రోజు గడిచిందని పుస్తకానికి తెలియాలి కదా, ఒకటొకటి వేశాను. ఇప్పుడు వరుసగా చెబుతాను.

ఆ రోజు ఖమ్మంలో కళ్యాణి అనే అమ్మాయి నన్నూ మోతీనీ ఖమరున్నీసానూ ఒక గదిలో కూర్చోబెట్టింది. ఈ పరీక్ష కాగితాలన్నీ చూసేది ఆమె. డాక్టరు వచ్చి చేసేదంతా వివరంగా చెప్పాడు. "కవాటంలో రెక్కలు పంది శరీరంలోని పొరతో చేస్తారమ్మా. మీకు అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పాలి" అన్నాడు.

నేను ఖమరున్నీసా వైపు చూశాను.

"నన్నేం జూస్తవక్కా? పెట్టేది నీ కాల్ల" అంది.

"సార్, ఏటేటా పందులు అడవిలకెళ్లి దిగి నా మక్కచేను మేసిపోతయి. గిప్పుడన్న ఒకటి నాకు పనికొస్తదంటే వద్దంటనా?" అన్నాను.

"ఇది అడవి పంది కాదమ్మా."

"ఏదైతేంది, వాటికి చుట్టమే గదా."

డాక్టరు బాగా నవ్వాడు. నవ్వుతూనే నా ముద్రల పుస్తకం తిరగేశాడు. "ఒక్క రోజు కూడా తప్పలేదు. ఇంత కచ్చితంగా కట్టుకున్నవాళ్లను నేను చూడలేదు" అన్నాడు. నేను వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. "అయినా పుండు ఒక పిసరు తగ్గలేదు. కట్టుతో ఫలితం లేదని రాస్తున్నాను" అన్నాడు. రాసి వెళ్లిపోయాడు.

కళ్యాణి కాగితం ఖమరున్నీసా ముందుకు జరిపింది. అడిగినవన్నీ ఆమె ఎదుటే అడిగారు, జవాబులు నేనే చెప్పాను అని ఆమె సంతకం చేయాలి. ఖమరున్నీసా కలం మూత తీసింది. కాసేపు చూసింది. మూత పెట్టేసింది.

"కళ్లద్దాలు తేలేదమ్మా" అంది.

కళ్లద్దాలు ఆమె మెడలో తాడుకు వేలాడుతున్నాయి. కళ్యాణి చూసింది. మోతీ చూసింది. "పరవాలేదు, ఇంకో రోజు రండి" అంది కళ్యాణి.

బస్టాండుకు వచ్చేదాకా ఓపిక పట్టాను.

"కాలు నాది, ముద్ర నాది. నీ చెయ్యి ఎందుకు ఆగిందే?"

"ముద్ర నీదే. దాని కింద పేరు నాది. బ్లౌజు కొలత తప్పితే విప్పి మళ్ల కుడ్త. కోసిన తొడను ఏడ విప్పాలక్కా?"

"నువ్వు లేకుంటే నాకు సాక్షులే దొరకరా?"

"దొరుకుతరు. తీస్కపో."

బస్సులో ఆమె ముందు కూర్చుంది, నేను వెనక. పినపాకలో ఎవరి దారిన వాళ్లం దిగాం. నా గురించి నాలుగు మాటలు పుస్తకంలో రాసినంత మాత్రాన నాకు పెద్దదైపోయిందా అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఉషారాణిని పిలిపించి కట్టు కట్టడం మళ్లీ చూపించమన్నాను. నిజంగా కట్టి, మానలేదని తేల్చి, ఆ కాలు తీసుకెళ్లి ఖమరున్నీసా ముందు పెడదామని. అంతే తప్ప వేరే ఏమీ లేదు. మంచం దిగకముందే కట్టాలట. వేళ్ల దగ్గర మొదలుపెట్టి, చీలమండకు బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా. నా చేయి అంత దూరం అందడం లేదు. మోతీ కట్టింది. ముక్కు మూసుకోలేదు. "నెత్తికి గూడ కట్టాల్నా యాడీ?" అని మాత్రం అడిగింది. మా ఇళ్లలో అత్తను కూడా అమ్మా అన్నట్టు యాడీ అనే పిలుస్తారు. దాన్ని తిట్టాను. రోజూ పొద్దున కడుతోంది, నేను రోజూ తిడుతున్నాను.

ఈరోజు ఖమరున్నీసా కొట్టుకు వెళ్లాను. పలకరించలేదు. ఆమె ముందున్న స్టూలు మీద కాలు పెట్టి కట్టు విప్పాను.

"కొలువు" అన్నాను.

మెడలోని టేపు తీసి పిక్క చుట్టూ వేసింది. మళ్లీ వేసింది. దవాఖానా పుస్తకం తెరిచి చూసింది. డిసెంబరులో వాళ్లు రాసుకున్నది పద్దెనిమిది అంగుళాలు.

"పదహారున్నర" అంది.

"నీ టేపు సాగింది."

"నా టేపు సాగితే పినపాక ఆడోళ్లు నన్ను ఈడ కూసోనిస్తరా?"

పుండు మీద గుడ్డ తీసి పక్క నుంచి కొలిచింది. మూడు అంగుళాలది రెండున్నరకు వచ్చింది.

కట్టు తనే మళ్లీ చుట్టింది. తర్వాత ఆమె మిషన్ సొరుగులోంచి కలం తీసింది. "రాయాల్నా?" అని అడిగింది. రాయమన్నాను.

ఏప్రిల్ 3

ఖమ్మం వెళ్లి చెప్పేశాను. ఒప్పుకోవడానికి పోలేదు. నిలదీయడానికి పోయాను.

"సార్, ఎండల మిరప సాళ్లల్ల వంగే ఆడిదానికి జారిపోయే కట్టు ఇచ్చిన్రు. జారితే ఏం జెయ్యాల్నో చెప్పలే. నేను దాన్ని చుట్టకుదురు చేసుకున్న. మూడు నెలలు కాలికి కట్టలే. ముద్రలన్నీ ఉత్తవే. గిప్పుడు ఏమంటరో అనుండ్రి."

కళ్యాణి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. డాక్టరు మాత్రం నవ్వలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"అమ్మా, కట్టుతోనే మానే పుండైతే, మీ తొడ కోయడం నేను చేసిన తప్పు అయ్యేది. మీకు తెలిసి, నాకు తెలియకుండా" అన్నాడు. "ఇంకొకటి. మీ పుస్తకం చూసి, ఇంత బాగా కట్టినా లాభం లేదని మేం రాసుకునేవాళ్లం. రేపు ఇంకో ఊళ్లో ఇంకో అవ్వకు కట్టు దండగ అని చెప్పేవాళ్లం."

నేను ఆ అవ్వ గురించి ఎప్పుడూ అనుకోలేదు. ఎక్కడో ఉంది కాబోలు. గాలివాలున కూర్చుని అన్నం తింటూ ఉంటుంది.

నా పేరు కొట్టేస్తారేమో అనుకున్నాను. కొట్టేయలేదు. పెద్ద కమిటీకి రాయాలట, మూడు నెలలు మొదటి నుంచీ లెక్క పెట్టాలట. ఒప్పుకుంటే సరే, లేకపోతే లేదు. మానితే కవాటం ఉండదు, మానకపోతేనే ఉంటుంది. అది ముందే చెప్పాడు. కొత్త పుస్తకం ఇచ్చారు. జారని రకం కట్టు ఇచ్చారు, రెండు జతలు. నేను అరిచినందుకే ఇచ్చారు.

నాకు భయం లేదు. డాక్టరు తొడ కోయడం మాట అన్నప్పుడు చేయి తొడ మీదికి పోయింది, అది భయం కాదు.

ఏప్రిల్ 17

పెద్ద కమిటీ ఒప్పుకుందని కబురు వచ్చింది. పిక్క పదహారు. పుండు రెండుంపావు. కొలిచింది ఖమరున్నీసా.

మే 1

రెండు. ఎండ మండిపోతోంది. కట్టు లోపల కాలు ఉడికిపోతోంది. తునికాకుకు అందరూ అడవికి పోయారు, నన్ను ఇంట్లో కాలు ఎత్తిపెట్టి పడుకోమన్నారు. పడుకున్నాను. దూలాలు లెక్కపెట్టాను. ఆరు.

మే 2

దూలాలు ఆరే.

మే 15

ఒకటింపావు. వాసన లేదు. మోతీని అడిగాను, లేదంది. భీమ్లాను అడిగాను, లేదన్నాడు. బర్రెను అడగలేను.

మే 29

ఒకటి. ఇలాగే పోతే పూర్తిగా మానుతుంది. మానితే కవాటం లేదు. మానితే మంచిదే.

మానితే మంచిదే.

"అక్కా, ఒక్కటే మాట రెండుసార్లు చెప్పినవ్."

"రెండుసార్లు రాయి."

జూన్ 12

మణుగూరు పోయే బస్సులో ఒకామె నా పక్కన వచ్చి కూర్చుంది. నాతో మాట్లాడింది, కూతురి కాన్పు గురించి చెప్పింది, నా భుజం మీద నిద్రపోయింది కూడా. మిగతా సీట్లు నిండి ఉన్నాయి, అందుకే కూర్చుని ఉంటుంది.

దిగేదాకా నేను భుజం కదల్చలేదు.

జూన్ 19

అరంగుళం. చింతగింజ కన్నా కొంచెం పెద్దది.

జూన్ 26

అరంగుళమే. ఖమరున్నీసా నాలుగుసార్లు కొలిచింది. వర్షాలు పడ్డాయి, పత్తి గింజలు పెట్టడానికి రెండు రోజులు చేలో నిలబడ్డాను, కట్టుతోనే. మూడో రోజుకు అంచు ఎర్రబడి మళ్లీ నీరు కారింది. కట్టు ఒక్కరోజు కూడా తప్పలేదు. ఈసారి ముద్రలన్నీ కాలి కట్టువే.

జూలై 4

ఖమ్మం దవాఖానాలోనే రాయిస్తున్నాను. మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను, ఖమరున్నీసా స్టూలు మీద కూర్చుంది, మోతీ కిటికీ దగ్గర నిలబడి బత్తాయి పండు ఒలుస్తోంది.

పొద్దున డాక్టరు మళ్లీ నిలబెట్టి మిషన్ పెట్టాడు. పిక్క నొక్కి వదిలితే రక్తం పైకి ఎక్కి, ఆగకుండా కిందికి జారిపోతోందట. తెర మీద నాకూ చూపించాడు. ఎక్కేది నీలం, దిగేది ఎరుపు. "కట్టు చేయగలిగినంత చేసిందమ్మా. ఇంతకంటే దాని వల్ల కాదు. మీ పుండు పూర్తిగా మూసుకోవాలంటే తలుపు కావాలి. ఇప్పుడు నేను ధైర్యంగా కోయగలను" అన్నాడు.

తర్వాత కళ్యాణి కాగితం తెచ్చింది. పదకొండు పేజీలు. మార్చిలో అయితే మధ్యలోనే చాలు చాలు అన్నాను. ఈరోజు మొత్తం చదివించాను. అర్థం కానిచోట ఆపాను. కవాటం దగ్గర రక్తం గడ్డకట్టవచ్చు. అందుకు పలచన చేసే మాత్రలు ఒక్క పూట తప్పకుండా మింగాలి. చీము పట్టవచ్చు. కవాటం కొన్నేళ్లకు బిగుసుకుపోవచ్చు. ఏమీ కాకుండా, ఏ ఉపయోగమూ లేకుండా కూడా ఉండవచ్చు. ఇష్టం లేకపోతే ఏ క్షణమైనా లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనరు.

"కొన్నేళ్లకు అంటే ఎన్నేళ్లకు?" అని అడిగాను.

"ఇది కొత్తది అవ్వా. మాకూ తెల్వదు. మీలాంటోళ్లను చూసే తెలుసుకోవాలి" అంది కళ్యాణి.

ఇన్నాళ్లకు ఒక కాగితం తనకు తెలియదని ఒప్పుకోవడం చూశాను. అది నాకు నచ్చింది.

"మాత్రలు తప్పితే?" అంది మోతీ కిటికీ దగ్గర నుంచి.

"తప్పవు."

"ముద్ర నేను వేయిస్త యాడీ. మాత్ర నీ నోట్లె పడినంకనే."

నాకు కోపం రాలేదు. సరే అన్నాను.

నా బతుకులో చాలా కాగితాల మీద వేలు పెట్టాను. పోడు పట్టా మీద, బ్యాంకులో, లాలు పోయినప్పుడు ఆఫీసులో. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. ప్రతిసారీ ఎవరో ఒకరు నా మణికట్టు పట్టుకుని వేలును సిరాలో ముంచి, కాగితం మీద ఒత్తి, వదిలేశారు. ఈరోజు కళ్యాణి కూడా అలవాటుగా నా చేయి పట్టుకోబోయింది.

"ఇడువు బిడ్డా. నాకు చేతనైతది" అన్నాను.

నేనే ముంచాను. నేనే వేశాను. ఖమరున్నీసా కళ్లద్దాలు పెట్టుకుని, పదకొండు పేజీలూ తను మళ్లీ ఒకసారి చదివి, సంతకం చేసింది.

రేపు పొద్దున ఎనిమిదికి తీసుకెళతారు. ఈ పుస్తకంలో మొదటి నుంచి ఉన్నదంతా నేను చెప్పిందే. భయం లేదని మూడుచోట్ల రాయించాను. కొంచెం ఉంది. అయినా పోతున్నాను. దీని కింద కూడా నా ముద్ర వేస్తున్నాను. ఇది ఎవరూ అడగలేదు.

హేమ్లి, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
ఖమరున్నీసా, దర్జీ, పినపాక (రాసినది, చదివి వినిపించినది)
మోతీ, కోడలు